కేసు ఓడిపోవడం వేరు, గడువు దాటబెట్టడం వేరు

లాయర్ల మీద ఇక కేసులు వేయడానికి లేదని సుప్రీంకోర్టు చెప్పేసిందట కదా అని ఈమధ్య మా బ్యాంకుకు వచ్చిన ఒక ఖాతాదారు అన్నారు. ఆయన అడగడం లేదు, తేలిపోయిన సంగతిని చెబుతున్నట్టు అన్నారు. రోజూ పేపరు చదివేవాళ్లు కూడా 2024 మే 14 నాటి తీర్పును ఇలాగే అర్థం చేసుకోవడం చూస్తున్నాను. ఆ తీర్పు చెప్పింది అది కాదు. న్యాయవాది సేవలో లోపం జరిగిందంటూ వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం కుదరదని మాత్రమే చెప్పింది. సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా వేసే హక్కు ఎప్పటిలాగే ఉంది. 1926 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ ఫీజుల చట్టంలోని 5వ సెక్షన్ ఆ మాట సూటిగానే చెబుతుంది. వృత్తి పనిలో నిర్లక్ష్యం వల్ల కక్షిదారుకు నష్టం జరిగితే, తాను న్యాయవాదినన్న ఒక్క కారణంతో దావా నుంచి తప్పించుకోవడానికి లేదు.

హక్కు ఉండి వందేళ్లు కావస్తోంది. దాన్ని వాడుకున్నవాళ్లు మాత్రం నా ఎరుకలో ఒక్కరూ లేరు. లాయరు వల్ల దెబ్బతిన్నామని చెప్పేవాళ్లు మాత్రం నా కౌంటరు దగ్గరకే వస్తూ ఉంటారు. వాళ్లలో చాలామంది చెప్పేది నిర్లక్ష్యం గురించి కాదు, ఓటమి గురించి. కొద్దిమంది చెప్పేది మాత్రం అసలైన నిర్లక్ష్యం. ఈ రెంటినీ కలిపి మాట్లాడటం వల్లే రెండో రకం వాళ్లకు న్యాయం జరగడం లేదని నా నమ్మకం. న్యాయవాది ఆలోచనలో జరిగిన పొరపాటుకు కోర్టులు రక్షణ ఇవ్వాలి, ఇస్తున్నాయి కూడా. గడువు తేదీ దాటబెట్టడం, దాటిందన్న సంగతి కక్షిదారుకు చెప్పకపోవడం, ఈ రెండూ ఆ రక్షణ కిందికి రాకూడదు.

నేను న్యాయవాదిని కాను. ఒక సహకార బ్యాంకులో క్లియరింగ్ పని చూస్తాను. చెక్కు తిరిగొస్తే రిటర్న్ మెమో మీద తేదీ ముద్ర వేసి, రిజిస్టరులో ఖాతాదారు సంతకం తీసుకుని ఇచ్చే పని నాది. అందుకే ఈ విషయంలో తేదీల మీద నాకు అంత పట్టింపు.

రెండు కాగితాలు

రిటైరైన ఒక మాస్టారు ఉన్నారు. తెలిసినవాడు కదా అని ఒకాయనకు 4 లక్షలు అప్పిచ్చారు, ఖాతా నుంచి ఖాతాకే పంపారు. తీర్చమని ఏడాది పాటు తిరిగితే అవతలివాడు మే 30 తేదీతో చెక్కు రాసిచ్చాడు. నిధులు చాలవని ఆ చెక్కు తిరిగొచ్చింది. మెమో ఇచ్చింది నేనే. తేదీ జూన్ 6. అదే రోజు మాస్టారు రిజిస్టరులో సంతకం పెట్టారు. ఆ వారంలోనే కాగితాలన్నీ పట్టుకెళ్లి లాయరుగారి చేతిలో పెట్టారు, అడిగిన ఫీజూ ఇచ్చారు.

చెక్కు కేసులో లెక్క అందరికీ తెలిసిందే. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో సొమ్ము కట్టమని నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక 15 రోజుల్లో కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఫిర్యాదు వేయడంలో ఆలస్యమైతే తగిన కారణం చూపితే కోర్టు మన్నించవచ్చు, 2002 సవరణ ఆ వీలు ఇచ్చింది. నోటీసు విషయంలో అలాంటి మన్నింపు లేదు. 30 రోజులంటే 30 రోజులే.

మాస్టారి నోటీసు తాలూకు రిజిస్టర్డ్ పోస్టు రసీదు మీద తేదీ జూలై 13.

ఆ తర్వాత మూడేళ్లు దాటేదాకా వాయిదాలు నడిచాయి. అవతలివాళ్ల న్యాయవాది మొదటి నుంచీ ఆ తేదీనే పట్టుకుని కూర్చున్నాడట. చివరికి నోటీసు గడువు దాటిందన్న కారణంతో నిందితుడిని విడుదల చేశారు. తీర్పు మనకు వ్యతిరేకంగా వచ్చింది, అప్పీలుకు వెళ్దాం, ఇంత ఫీజు అవుతుంది అని లాయరుగారు చెప్పారు. మాస్టారు తీర్పు నకలు తీసుకుని నా దగ్గరకు వచ్చారు. ‘అమ్మా, మెమో మీద తేదీ పొరపాటున పడి ఉంటుందా? జూన్ బదులు జూలై అని పడాల్సిందేమో ఒకసారి చూస్తావా?’ అని అడిగారు. రిజిస్టరు తీసి ఆయన సంతకమే ఆయనకు చూపించాను. చాలాసేపు ఆ గడి మీద వేలు పెట్టుకుని నిలబడ్డారు. అప్పటికీ ఆయన అనుమానం తన మీదా, బ్యాంకు మీదా ఉంది తప్ప లాయరుగారి మీద లేదు. ఇంత పెద్ద చదువు చదివినాయన నెల రోజుల లెక్క తప్పుతారని ఆయనకు తోచనే లేదు.

ఇక్కడ మరో సంగతి ఉంది, నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే. గడువు దాటిన ఆ రోజు కూడా పని చెడిపోలేదు. చెక్కు చెల్లుబాటు మూడు నెలలు. జూలై 13 నాటికి ఇంకా నెలన్నర ఉంది. చెక్కును మళ్లీ బ్యాంకులో వేయించి, మళ్లీ తిరిగొస్తే ఆ మెమో అందిన రోజు నుంచి కొత్తగా 30 రోజులు లెక్కపెట్టుకుని నోటీసు ఇస్తే సరిపోయేది. రెండోసారి తిరిగొచ్చిన దాని మీద కూడా కేసు నడపవచ్చని సుప్రీంకోర్టు 2012లోనే స్పష్టం చేసింది. చెక్కు కేసులు చూసే ఏ న్యాయవాదికైనా తెలిసిన దారి ఇది. ‘మాస్టారూ, నోటీసు ఆలస్యమైంది, చెక్కు ఇంకోసారి వేయండి’ అని ఒక్క ఫోను చేస్తే చాలు. ఆ ఫోను రాలేదు.

పోనీ, సొమ్ము రాబట్టుకునే సివిల్ దావా ఉంది కదా అంటారా? దానికి గడువు మూడేళ్లు. చెక్కు కేసు కొట్టేసే నాటికి అదీ దాటిపోయింది. అప్పీలు, దరఖాస్తు వంటివి ఆలస్యమైతే మన్నించమని లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద అడగవచ్చు. ఆ సెక్షన్ దావాలకు వర్తించదు. దావా గడువు పోయిందంటే పోయినట్టే. మొదటి ఏడాదిలోనే నిజం చెప్పి ఉంటే మాస్టారు సివిల్ దావా వేసుకునేవారు. నెల లెక్క తప్పడం ఒక నష్టం. మూడేళ్లు మౌనంగా ఉండటం దాన్ని మించిన నష్టం.

ఓడినవాళ్లందరూ బాధితులు కారు

ఈ సంగతి మా ఆడపడుచు కొడుకుతో చెప్పాను. అతను విజయవాడలో ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా ఉన్నాడు. అతని మొదటి మాట ఇది: ‘అత్తయ్యా, ప్రతి కేసులోనూ ఎవరో ఒకరు ఓడాల్సిందే. ఓడిన ప్రతివాళ్లూ లాయరు మీద దావా వేస్తే మేము కోర్టుకు వాదించడానికి వెళ్లాలా, బోనెక్కడానికి వెళ్లాలా?’

అతని భయం ఊరికే పుట్టింది కాదు. ఏ సాక్షిని పిలవాలి, ఎవరిని ఏ ప్రశ్న అడగకుండా వదిలేయాలి, ఏ తీర్పును ఆధారంగా చూపాలి అన్నవన్నీ ఆ క్షణంలో తీసుకునే నిర్ణయాలు. తర్వాత తీరిగ్గా కూర్చుని చూస్తే ప్రతి నిర్ణయంలోనూ లోపం కనిపిస్తుంది. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో డాక్టర్ల నిర్లక్ష్యం గురించి చెబుతూ సుప్రీంకోర్టు లాయర్ల ప్రసక్తి కూడా తెచ్చింది. ఏ న్యాయవాదీ కక్షిదారుకు గెలిపిస్తానని మాట ఇవ్వడు. ఆ పనికి కావలసిన నైపుణ్యం తనకు ఉందని, దాన్ని తగిన జాగ్రత్తతో వాడతానని మాత్రమే మాట ఇస్తాడు. అందరికన్నా గొప్ప లాయరుతో పోల్చి చూడకూడదు, ఆ వృత్తిలో సాధారణంగా ఉండాల్సిన జాగ్రత్తతోనే పోల్చాలి.

హైదరాబాదు నుంచే వచ్చిన ఒక కేసు ఈ గీతను ఇంకా స్పష్టంగా గీసింది. ఒక బ్యాంకు ప్యానెల్ న్యాయవాది ఆస్తి పత్రాలు చూసి అంతా సరిగ్గానే ఉందని అభిప్రాయం ఇచ్చారు. ఆ మీదట ఇచ్చిన గృహరుణాల్లో మోసం బయటపడింది. సీబీఐ ఆయననూ నిందితుల్లో చేర్చింది. 2012లో సుప్రీంకోర్టు అది కుదరదంది. అభిప్రాయం తప్పు అయినంత మాత్రాన నేరం కాదు, మోసగాళ్లతో చేతులు కలిపినట్టు ఆధారం ఉండాలి. నిర్లక్ష్యమే ఉంటే అది నష్టపరిహారానికో, వృత్తిపరమైన చర్యకో దారితీయవచ్చు తప్ప క్రిమినల్ కేసుకు కాదు. బ్యాంకు ఉద్యోగిగా ఆ కేసులో నాకు బ్యాంకు మీదే సానుభూతి ఉండాలి. అయినా ఆ తీర్పు సరైనదనే అనుకుంటాను. ఆస్తి హక్కు పత్రాలు చూసి సంతకం పెట్టే ప్రతి లాయరూ జైలుకు భయపడాల్సి వస్తే ఇక ఎవరూ అభిప్రాయం రాయరు.

కక్షిదారుల తప్పు కూడా తక్కువేమీ కాదు. మెమో ఇచ్చేటప్పుడు గడువు సంగతి నేను ప్రతివాళ్లకూ చెబుతాను. అయినా ఇరవై ఎనిమిదో రోజున లాయరు దగ్గరకు పరుగెత్తేవాళ్లున్నారు. ఫోను నంబరు మార్చి చెప్పనివాళ్లు, సాక్ష్యానికి రమ్మంటే పెళ్లి ఉందనేవాళ్లు, కోర్టు ఫీజుకు కూడా డబ్బు ఇవ్వకుండా తిప్పేవాళ్లు ఉన్నారు. అలాంటి కేసు పాడైతే లాయరును నిలదీయడం అన్యాయం.

కాబట్టి లాయరు మీద వేసిన దావా నిలబడాలంటే మూడు విషయాలు తేలాలి. పని ఒప్పుకున్నారా? ఒప్పుకున్న పనిలో సాధారణ జాగ్రత్త పాటించలేదా? నష్టం ఆ కారణంగానే వచ్చిందా? మాస్టారి విషయంలో మొదటి రెంటికీ సాక్ష్యం కాగితాల మీదే ఉంది. సంతకం పెట్టిన వకాల్తా ఉంది, రెండు తేదీలు ఉన్నాయి. గట్టిగా అడ్డం తగిలేది మూడోది. నోటీసు సకాలంలో వెళ్లి ఉంటే మాస్టారు గెలిచేవారా? అవతలివాడు అది పూచీకత్తుగా ఇచ్చిన ఖాళీ చెక్కు అని వాదించాడు. చెక్కు కేసుల్లో సగటు నిందితుడు చెప్పే మాటే అది, అయినా కోర్టు నమ్మే అవకాశం ఎంతో కొంత ఉంటుంది. గెలిచినా అతని దగ్గర వసూలు చేయడానికి ఏమైనా ఉందా? ఉంది, అతని పేర ఇల్లుంది. అంటే లాయరు మీద వేసే దావాలో, జరగకుండా పోయిన అసలు కేసును మొదటి నుంచీ నడిపి చూపించాలి. అప్పుడు ఆ అప్పుదారు ఈ దావాలో సాక్షిగా వచ్చి ఎవరి పక్షాన మాట్లాడతాడు? ఈ ప్రశ్నకు నా దగ్గర తేలిక జవాబు లేదు. అమెరికాలో, ఇంగ్లండులో కూడా ఇలాంటి దావాలు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడేనని చదివితే ఆశ్చర్యం కలగలేదు. అయినా మాస్టారి చేతిలో బ్యాంకు బదిలీ పత్రం ఉంది, సంతకం పెట్టిన చెక్కు ఉంది. ఇంతకన్నా గట్టి ఆధారం ఎంతమంది అప్పులిచ్చినవాళ్ల దగ్గర ఉంటుంది?

చెప్పినవారు, చెప్పనివారు

మా మేనల్లుడు చెప్పిన ఇంకో సంగతి నా అభిప్రాయాన్ని స్థిరపరిచింది. వాళ్ల సీనియర్‌గారి ఆఫీసులో వాయిదాలు రెండు చోట్ల రాస్తారట, గుమాస్తా దగ్గర ఉండే డైరీలో ఒకసారి, సీనియర్ బల్ల మీద ఉండే డైరీలో ఒకసారి. గుమాస్తా కూతురి పెళ్లి వారంలో ఒక వాయిదా రెంటిలోనూ ఎక్కలేదు. ఎవరూ హాజరు కాకపోవడంతో దావాను డిఫాల్టు కింద కొట్టేశారు. సంగతి తెలిసిన సాయంత్రమే సీనియర్ కక్షిదారును పిలిపించి, ‘ఇది మా ఆఫీసు తప్పు, మీది కాదు’ అని చెప్పారు. కేసు తిరిగి తెరవమని 30 రోజుల గడువు లోపలే పిటిషన్ వేశారు. ఖర్చులు తన జేబులోంచే పెట్టుకున్నారు. కేసు మళ్లీ నంబరుకు వచ్చింది. ఆ కక్షిదారు ఇప్పటికీ ఆ ఆఫీసుకే వస్తున్నాడు.

తప్పు రెండు ఆఫీసుల్లోనూ తేదీ దగ్గరే జరిగింది. ఒకచోట అది వారంలో చక్కబడింది. ఇంకోచోట ఒక మనిషి రిటైర్మెంటు సొమ్మును మింగేసింది. తేడా అంతా చెప్పడంలోనే ఉంది. అందుకే కేవలం పొరపాటుకు కాక, పొరపాటును దాచినందుకు లాయరుపై బాధ్యత రెట్టింపు కావాలంటాను. దాచిన ప్రతి రోజూ దిద్దుకునే అవకాశం ఒకటి పోతూ ఉంటుంది.

లాయరు తప్పుకు కక్షిదారును శిక్షించకూడదని సుప్రీంకోర్టు 1981లోనే రఫీక్ కేసులో చెప్పింది. లాయరును పెట్టుకుని, ఫీజు కట్టి, తన వంతు చేసిన పల్లెటూరి మనిషి రోజూ హైకోర్టు వరండాలో కాపలా కాయాల్సిన పని లేదన్నది దాని సారాంశం. ఈ మాట చూపించి, కోర్టులే కేసులు తిరిగి తెరుస్తున్నప్పుడు లాయరు మీద దావా ఎందుకని కొందరు అడుగుతారు. అయితే 1993లో సలిల్ దత్తా కేసులో, అది అన్ని వేళలా వర్తించే సూత్రం కాదని అదే కోర్టు అంది. పట్నంలో ఉండే చదువుకున్న కక్షిదారు తన కేసు సంగతి తాను కనుక్కోవాలని చెప్పింది. పైగా తిరిగి తెరవడానికి ఒక కేసంటూ ఉండాలి. అసలు వేయని దావాను ఏ కోర్టు తెరుస్తుంది?

ఈ-కోర్ట్స్ యాప్ వచ్చాక ఇందులో కొంత మేలు జరిగింది. నంబరు పడిన ప్రతి కేసుకూ పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. అది కొడితే వాయిదా ఎప్పుడో, కిందటిసారి ఏమి జరిగిందో ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. మెమో తీసుకునేవాళ్లకు నేనిప్పుడు ఇది కూడా చెబుతున్నాను: కేసు వేశామని లాయరుగారు చెప్పాక సీఎన్ఆర్ నంబరు అడగండి. అది ఇవ్వలేకపోతే కేసుకు ఇంకా నంబరు పడలేదనుకోండి. నెలల తరబడి ఇవ్వలేకపోతే వెళ్లి కూర్చుని అడగండి. కానీ నోటీసు ఏ రోజు వెళ్లిందో ఏ యాప్ చెప్పదు.

వినియోగదారుల కమిషన్ తీర్పు గురించి

ఆ 2024 తీర్పుకు మూలమైన గొడవ చిన్న మొత్తానిదే. ఢిల్లీలో ఒకాయన 20,000 రూపాయల చెక్కు కేసుకు లాయరును పెట్టుకున్నారు. అవతలివాళ్లు ఆ 20,000కు డ్రాఫ్టు, ఖర్చుల కింద 5,000కు చెక్కు ఇచ్చారు. వాటిని లాయరు తనకు అప్పగించకుండా ఫీజు కింద 5,000 నగదు అడిగాడన్నది కక్షిదారు ఆరోపణ. 2007లో జాతీయ వినియోగదారుల కమిషన్ లాయర్ల సేవలు కూడా వినియోగదారుల చట్టం కిందికే వస్తాయని చెప్పింది. పదిహేడేళ్ల తర్వాత జస్టిస్ బేలా త్రివేది, జస్టిస్ పంకజ్ మిథల్ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. లాయరు తన కక్షిదారు ఆదేశాలకు లోబడి పనిచేస్తాడు కాబట్టి అది వ్యక్తిగత సేవా ఒప్పందం అని, దానికి చట్టంలో మినహాయింపు ఉందని తేల్చింది.

1995 నుంచి డాక్టర్లు ఆ చట్టం కిందే ఉన్నారు. వాళ్ల సంగతీ మళ్లీ పరిశీలించాలని ఈ ధర్మాసనం సూచించింది కానీ, అదే ఏడాది నవంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ అవసరం లేదని ముగించింది. అంటే ఆపరేషన్ చేసే డాక్టరును కమిషన్‌కు లాగవచ్చు, నోటీసు పంపని లాయరును లాగకూడదు. ఇది నాకు మొదట మింగుడుపడలేదు.

తర్వాత ఆలోచిస్తే తీర్పులో ఒక సగం ఒప్పుకోదగ్గదే అనిపించింది. జరగని కేసు జరిగి ఉంటే ఏమయ్యేదో తేల్చడం, సాక్షులను పిలిపించి విచారించడం కమిషన్‌లో త్వరగా తేలే పనులు కావు. కోర్టులో చేసిన వాదన బాగుందా లేదా అని ఇంకో వేదిక తూకం వేయడం కూడా మంచిది కాదు. నాకు అభ్యంతరం ఉన్నది కక్షిదారు ఆదేశాలకు లోబడి అన్న మాటతోనే. రాజీ పడాలా వద్దా అన్నది కక్షిదారు ఇష్టం, నిజమే. నోటీసు ఏ రోజు టైపు అవుతుంది, ఏ రోజు పోస్టాఫీసుకు వెళుతుంది అన్నది మాస్టారి అదుపులో ఉందా? ఆయనకు లాయరుగారి గదిలో కుర్చీ కూడా దొరికేది కాదు, వరండాలో నిలబడి గుమాస్తాను అడిగి వచ్చేసేవారు.

మిగిలిన దారులు

బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. 1961 అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద క్రమశిక్షణ కమిటీ విచారిస్తుంది. మందలించవచ్చు, కొంతకాలం ప్రాక్టీసు ఆపవచ్చు, పేరు తొలగించవచ్చు. ఏడాదిలో తేల్చకపోతే ఫిర్యాదు ఢిల్లీలోని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు వెళుతుంది. ఎంత వెతికినా ఆ సెక్షన్‌లో కనిపించనిది ఒక్కటే, కక్షిదారుకు పరిహారం. లాయరుకు శిక్ష పడితే మాస్టారికి వచ్చేదేముంది? ఆయన కోరేదీ శిక్ష కాదు.

1978లో తమిళనాడు నుంచి సుప్రీంకోర్టుకు వచ్చిన కేసునే చూడండి. ప్రామిసరీ నోట్ల మీద దావాలు వేయమని ఇస్తే, ఆ న్యాయవాది వేయకుండానే వేశానని నమ్మించాడు. రాష్ట్ర బార్ కౌన్సిల్ ఆరేళ్లు సస్పెండ్ చేసింది, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దాన్ని ఏడాదికి తగ్గించింది. జస్టిస్ కృష్ణయ్యర్ ఉన్న ధర్మాసనం, శిక్ష అంటే మనిషిని దిద్దేదిగా కూడా ఉండాలంటూ ఉచిత న్యాయ సహాయంలో పనిచేయమని, బాధితుడికి కొంత సొమ్ము ఇమ్మని ఆ న్యాయవాదిని ఆదేశించింది. ఉదారమైన ఆలోచనే, అందులో నాకు గౌరవం ఉంది. అయినా చదువుతున్నంతసేపూ నా మనసు ఆ ప్రామిసరీ నోట్ల మీదే ఉంది. ఆ కాగితాల పూర్తి విలువ ఎవరు తిరిగిస్తారు?

లాయరు జేబులోంచి డబ్బు ఇప్పించడం కోర్టులకు తెలియని విద్యేమీ కాదు. లాయర్ల సమ్మె వల్ల హాజరు కాక కక్షిదారు మీద ఎక్స్‌పార్టీ డిక్రీ (అతని వాదన వినకుండానే ఇచ్చే తీర్పు) అయిన ఒక కేసులో, 2000లో సుప్రీంకోర్టు డిక్రీని రద్దు చేస్తూ 5,000 ఖర్చులు కట్టమంది. అందులో సగం తన లాయర్ల దగ్గర రాబట్టుకోవచ్చని కక్షిదారుకు అనుమతి ఇచ్చింది. మొత్తం చిన్నదే. సూత్రం మాత్రం చిన్నది కాదు. రాకపోవడం మీ నిర్ణయమైతే నష్టంలో మీకూ వాటా ఉంటుందని కోర్టు చెప్పినట్టే కదా.

ఇక సివిల్ దావా. మాస్టారు వేస్తే 4 లక్షలకు తగ్గ కోర్టు ఫీజు ముందు కట్టాలి. అదే ఊళ్లో, అదే బార్‌లో, సాటి న్యాయవాది మీద వకాల్తా వేసే ఇంకో న్యాయవాదిని వెతుక్కోవాలి. ఆయన ఇద్దరిని కలిశారు. ఒకరు వద్దన్నారు. ఇంకొకరు పక్క ఊళ్లో ఎవరినైనా చూసుకోమన్నారు. ఈ దావాకు కూడా గడువు ఉంటుంది, అది కూడా తరుగుతోంది. పాత కాగితాలు తెచ్చుకుందామంటే మిగిలిన ఫీజు కడితేనే కట్ట ఇస్తామని ఆ ఆఫీసులో అన్నారు. ఇది పూర్తిగా తప్పు. ఫీజు బాకీ ఉందని కక్షిదారు కాగితాలు ఆపుకునే హక్కు లాయరుకు లేదని 2000లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఆపితే అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికి వస్తుంది. ఈ మాట ఒక కాగితం మీద రాసి మాస్టారికిచ్చి పంపాను. కట్ట వచ్చింది. అందులోనే పోస్టు రసీదు దొరికింది.

ఆ రసీదు లేకపోతే మాస్టారి దగ్గర ఒక బాధ తప్ప రుజువు ఏమీ ఉండేది కాదు. మన ఊళ్లలో లాయరుకు కాగితాలిస్తే రసీదు అడిగే అలవాటు లేదు, ఫీజుకు రసీదు ఇచ్చే అలవాటు అంతకన్నా లేదు. అడిగితే నమ్మకం లేదా అంటారని మొహమాటం. ఏ కాగితం ఏ రోజు అందింది, ఏ పని ఒప్పుకున్నాను, దానికి చివరి తేదీ ఏది అని నాలుగు వరుసలు రాసి ఇరువురూ సంతకం చేస్తే ముప్పాతిక వివాదాలు అక్కడే ఆగుతాయి. ఆలస్యంగా వచ్చి లాయరును నిందించే కక్షిదారు నుంచి మా మేనల్లుడిని కాపాడేది కూడా ఆ కాగితమే. ఈ సంగతి చెబితే అతను కాసేపు ఆలోచించి, ఇరవై ఎనిమిదో రోజున వచ్చేవాళ్ల చేత అయితే తప్పకుండా సంతకం తీసుకుంటానన్నాడు.

డబ్బు సంగతే మిగిలింది. ఇంగ్లండులో సొలిసిటర్లు, అంటే కక్షిదారుతో నేరుగా వ్యవహరించే న్యాయవాదులు, వృత్తి బీమా లేకుండా ప్రాక్టీసు చేయడానికి వీల్లేదు. కోర్టులో వాదించేవారికి నిర్లక్ష్యం దావాల నుంచి ఉన్న పాత మినహాయింపును కూడా, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ 2000లో తీసేసింది. ఇక్కడ బీమా తప్పనిసరి కాదు. చేద్దామంటే మా మేనల్లుడి లాంటి జూనియర్లకు సీనియర్లు ఇచ్చేది బస్సు ఖర్చులకూ చాలదు, ప్రీమియం ఎక్కడి నుంచి తెస్తారు? ఇది నిజమైన ఇబ్బంది, దీన్ని పక్కకు నెట్టేసి మాట్లాడకూడదు.

అయితే ప్రతి వకాల్తా మీదా ఇప్పటికే న్యాయవాదుల సంక్షేమ నిధి స్టాంపు అతికిస్తున్నారు. లాయరు మరణిస్తే కుటుంబానికి, వృత్తి మానేస్తే ఆయనకు ఆ నిధి నుంచి సాయం అందుతుంది. మంచి ఏర్పాటు. ఇంకో చిన్న స్టాంపు కక్షిదారుల కోసం ఎందుకు ఉండకూడదు? దాని నుంచి పరిహారం ఇచ్చేది వాదన బాగాలేదన్న ఫిర్యాదులకు కాదు. గడువు దాటిందని రెండు కాగితాలు పక్కపక్కన పెడితే తేలిపోయే వాటికి, వేయని దావా వేశానని చెప్పిన వాటికి మాత్రమే. పరిమితి ఒకటి పెట్టి, చెల్లించిన సొమ్మును తర్వాత ఆ న్యాయవాది నుంచి వాయిదాల్లో రాబట్టుకోవచ్చు. తప్పు జరిగిన వారంలోనే కక్షిదారుకు రాతపూర్వకంగా చెప్పిన లాయరు నుంచి రాబట్టకుండా వదిలేయవచ్చు కూడా. అలా ఉంటే దాచడానికి కారణమే తగ్గిపోతుంది. దీనికి అడ్వకేట్స్ చట్టంలో 35వ సెక్షన్‌ను సవరించి, క్రమశిక్షణ కమిటీకి పరిహారం నిర్ణయించే అధికారం ఇవ్వాలి. పార్లమెంటు చేయాల్సిన పని అది. బార్ కౌన్సిళ్లు ముందుకొచ్చి అడిగితే జరుగుతుంది. రాష్ట్ర బార్ కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు వేసే న్యాయవాదులు ఈ వ్యాసం చదివితే, పోటీ చేసేవాళ్లను ఈ ఒక్క ప్రశ్న అడగమని కోరుతున్నాను.